పేరులేని చుక్క

రెక్కల కవరుకి చివరి కుట్టు పడేసరికి ఆదివారం పన్నెండు దాటింది. మందపు కాన్వాసు నాలుగు మడతలు కలిసే చోట సూది ఎప్పుడూ మొరాయిస్తుంది. అక్కడ ఆమె మోటారు ఆపేసి, మిషను చక్రాన్ని చేత్తోనే తిప్పుతూ ఒక్కో పోటూ దిగబెడుతుంది. బొటనవేలికి చుట్టుకున్న తోలుముక్క చెమటకి తడిసి నల్లబడింది. కార్లకీ పడవలకీ కవర్లు కుట్టేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, విమానాలకి కుట్టేది ఆమె ఒక్కతే. ఊరి చివర చిన్న విమానాలు దిగే మైదానంలో ఆమెను అందరూ కవర్లక్క అంటారు. ఆ పేరు పెట్టింది తమ్ముడే. వారమంతా అతను కారు డ్రైవింగు నేర్పుతాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి కొన్న పాత రెండు సీట్ల విమానం ఒకటుంది. తీరిక దొరికితే ఇక నేల మీద ఉండడు.

"దాని రెక్కలకి ఎండ తగలకూడదు, వాన తగలకూడదు. ఇంత శ్రద్ధ ఒక పిల్ల మీద పెట్టుంటే ఈపాటికి ఓ ఇంటివాడివయ్యేవాడివి" అంది కవర్లక్క, కవరు మడతపెట్టి అతని చేతుల్లో పడేస్తూ.

"రెక్కలున్న పిల్లని చూడు, రేపే చేసుకుంటాను" అన్నాడు తమ్ముడు. నలభై ఆరేళ్ళొచ్చినా నవ్వితే ముందుపళ్ళ మధ్య సందు కనబడి చిన్నపిల్లాడిలా ఉంటాడు.

భోజనాల బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. ఆమె భర్త పౌర విమానయాన శాఖలో ఇన్‌స్పెక్టరు. ప్రైవేటు పైలట్లు రూలు తప్పితే పట్టుకోవడం, నోటీసులివ్వడం, లైసెన్సులు ఆపించడం అతని పని. పని గురించి ఇంట్లో మాట్లాడడు. అన్నం కూడా ఫైలు చూసినట్టే తింటాడు, ఒక పక్కనుంచి మొదలుపెట్టి, ఏదీ కలవకుండా. బావమరిది అతనికి ముద్ర బావ అని పేరు పెట్టి చాలా ఏళ్ళయింది.

ఎక్కణ్ణుంచో ఈగ వచ్చి ఇన్‌స్పెక్టరు కంచం అంచు మీద వాలింది.

"ఏమే, చూశావా? మీ నాన్న అనుమతి లేకుండానే దిగింది" అన్నాడు తమ్ముడు మేనకోడలితో. "లైసెన్సుందో లేదో అడుగు. కళ్ళ డాక్టరు సర్టిఫికెట్టు కూడా చూడు. ఆర్నెల్లు దాటితే చెల్లదు."

కాలేజీలో చదివే ఆ పిల్ల మంచినీళ్ళు తాగుతోందేమో, నవ్వాపుకోలేక బల్లంతా తుంపర్లు చేసింది. "మామయ్యా, చాలించు" అంటూ మోచెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. కవర్లక్క కూడా నవ్వింది. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. నవ్వుతూనే కంచాన్ని నాలుగువేళ్ళ మేర అవతలికి జరుపుకున్నాడు.

"అన్నట్టు బావా, నీకో సంగతి చెప్పాలి" అన్నాడు తమ్ముడు ఆ నవ్వులోనే. "మొన్నటి శుక్రవారం కాదు, ముందటి శుక్రవారం. మందుగుండు గిడ్డంగుల మీదుగా వెళ్ళిపోయాను."

ఆ గిడ్డంగుల పైన ఆకాశం నిషిద్ధం. అటు ఎవరూ ఎగరకూడదన్న సంగతి విమానాల కవర్లు కుట్టే ఆమెకి కూడా తెలుసు. గరిటె గిన్నెలోనే ఉండిపోయింది.

"కావాలని వెళ్ళానా? ఎదురుగా మబ్బు గోడలా లేచింది. ఎడమకి తిరుగుదామంటే గుట్ట. కుడికి తిరిగాను. నాలుగు నిమిషాలు, అంతే. మళ్ళీ బయటపడ్డాను."

"ఎంత ఎత్తు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రెండు వేల రెండొందలు."

"టైము?"

"ఐదుంబావు."

"ట్రాన్స్‌పాండర్ పని చేస్తోందా?"

విమానం పేరేమిటో రాడారుకి చెబుతుండే పెట్టె అది. తమ్ముడు తల గోక్కున్నాడు. "అది అప్పుడప్పుడూ నిద్రపోతుంది బావా. ఆ రోజు కూడా నిద్రపోయింది."

"బయల్దేరకముందే తెలుసా, పైకెళ్ళాక తెలిసిందా?"

"తెలుసనుకో. బాగు చేసేవాడు సోమవారం వస్తానన్నాడు. ఒక్క పూటకేమవుతుందిలే అనుకున్నాను. పొరపాటే. అందుకే కదా చెబుతున్నాను. తప్పు చేసినవాడు తనే వచ్చి చెప్పుకుంటే మీవాళ్ళు వదిలేస్తారట కదా? చెప్పేశాను. ఆఫీసంటే నాకు నువ్వే. కాగితమేదైనా కావాలంటే నువ్వే రాసుకో, సంతకం పెడతాను."

"చూద్దాంలే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వాడికి ఇంకాస్త కూర వెయ్యి."

ఆమె వేసింది. భర్త అడిగిన నాలుగు ప్రశ్నలూ ఏదో ఫారంలో వరసగా ఉన్న గళ్ళలా ఆమెకి తోచాయి. అయినా బావమరిది మీద ప్రేమ లేకపోతే అన్ని వివరాలెందుకు అడుగుతాడని సర్దిచెప్పుకుంది. వాడి బరువు ఈయన నెత్తికెత్తుకున్నాడులే అనుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం ఆమె గది నేల మీద కాన్వాసు పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తోంది. తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎప్పుడూ బూట్లు విడిచి గిరాటేసి లోపలికొచ్చి మిషను బల్ల మీదెక్కి కూర్చునేవాడు, ఇవాళ బూట్లు విప్పలేదు.

"నీళ్ళివ్వనా?" అంది ఆమె మోకాళ్ళ మీదనుంచి లేవకుండానే.

అతను ఒక ఉత్తరం కవరు చాచాడు. ఆమె చేతులకున్న సుద్ద చీరకి తుడుచుకుని కాగితం విప్పింది. ఫలానా తేదీన నిషిద్ధ గగనతలంలోకి ప్రవేశించిన విమానం తమరు నడిపినదేనని అనుమానించుటకు కారణములు కలవు. తమరి లైసెన్సు తక్షణం నిలిపివేయడమైనది. శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు విచారణ. కింద ఆమె భర్త సంతకం, చివర తోక కాస్త కూడా వణక్కుండా. ఇరవై రెండేళ్ళుగా కరెంటు బిల్లుల మీదా, పిల్ల మార్కుల కార్డుల మీదా చూస్తున్న సంతకమే.

"ఆయన పైవాళ్ళెవరో పెట్టించి ఉంటారు" అంది ఆమె.

"పెట్టించి ఉంటారు."

"నేనడుగుతాను."

"అడక్కు. నువ్వడిగితే నేనడిగించినట్టుంటుంది." అతను కాగితం తీసుకుని పాత మడతల మీదే మళ్ళీ మడిచాడు. "నాకు భయం లేదక్కా, సిగ్గుగా ఉంది. మీ ఇంట్లో తిని ఇంకా చెయ్యి కడుక్కోనట్టుంది."

ఆ మాట ఆమెకి సూదిలా దిగింది. ఏదో అనబోయేంతలో అతను మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వరండాలో పీట వేసుకుని బూట్లు తుడుచుకుంటున్నాడు. అది అతని రోజువారీ పని. పాలిషు డబ్బా మూత పక్కన పెట్టి, గుడ్డని రెండువేళ్ళకి చుట్టి, ముందు మడమ, తరువాత పక్కలు, చివరికి ముక్కు.

"వాడు మీకు చెప్పాడు కదండీ. ఆదివారం, ఇక్కడే" అంది ఆమె తలుపు పట్టుకుని.

"ఇంట్లో చెబితే ఆఫీసులో చెప్పినట్టు కాదు."

"మరి ఇంట్లో విన్నది ఆఫీసుకెలా వెళ్ళింది?"

"వెళ్ళలేదే." అతను తలెత్తలేదు. "నోటీసు చూశావా? వాడు నాతో చెప్పాడని అందులో ఎక్కడైనా ఉందా? రాడారులో చుక్క కనబడింది. ఆ సాయంత్రం మైదానం నుంచి మూడు విమానాలు లేచాయని రిజిస్టరులో ఉంది. అనుమానముందని రాశాను. ఇంటి మాట ఇంట్లోనే ఉంది."

"మూడు లేస్తే నోటీసు వాడొక్కడికే ఎందుకు?"

గుడ్డ ఒక్క క్షణం ఆగింది. "మెట్ల దగ్గర లైటు వెలగడం లేదు. కరెంటతన్ని పిలిచావా?"

అతను రెండో బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"శుక్రవారం మా ఆఫీసు వైపు రాకు. మూడో అంతస్తులో చివరి గది. తలుపులు తీసే ఉంటాయి, ఎవరైనా రావచ్చు, తెలిసిన సంగతి ఎవరైనా చెప్పచ్చు, రూలు అలా ఉంది. అయినా నువ్వు రావడం బాగుండదు. నా పరువు సంగతి అలా ఉంచు, నీ పరువే పోతుంది."

"నా తమ్ముడి కోసం వెళ్తే నా పరువెందుకు పోతుంది?"

"అదే చెబుతున్నాను" అన్నాడు అతను, బూటు ముక్కు మీద ఊదుతూ. "రాకు."

*

బుధవారం పొద్దున అతను ఆఫీసుకి వెళ్ళాక ఆమె బల్ల తుడవబోయింది. బల్ల మీద నిబంధనల పుస్తకం ఉంది. ఆఫీసు పుస్తకాలు అతని తోలుసంచి దాటి బయటికి రావు. ఆ సంచికి తాళం, ఆ తాళం అతని జేబులో. ఏదో హడావుడిలో మరిచిపోయాడనుకుంది. పుస్తకం తెరిచే ఉంది, మధ్యలో కళ్ళజోడు పెట్టె బరువుగా పెట్టి.

తడిగుడ్డ భుజాన వేసుకుని నిలబడే చదివింది. చిన్న అక్షరాలు, పొడుగు వాక్యాలు. రెండుసార్లు చదివితే గానీ బుర్రకెక్కలేదు. పైలట్ తన వలన జరిగిన ఉల్లంఘనను, జరిగిన నాటినుంచి పది దినములలోగా, తనంతట తాను శాఖకు తెలియజేసినచో, అట్టి పైలటుపై శిక్షాచర్య తీసుకొనరాదు. అక్కడితో పేజీ అయిపోయింది.

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. శుక్రవారం నుంచి ఆదివారానికి తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. తొమ్మిదే. ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. తొమ్మిదో రోజున వాడు శాఖకి తెలియజేశాడు. శాఖ ఆ బల్ల దగ్గరే కూర్చుని కూర వడ్డించుకుంది. ఈయన కావాలనే పదో రోజు దాటనిచ్చి, మర్నాడు నోటీసు తీశాడన్నమాట. చెప్పిన సంగతి తెలిసింది నలుగురికి. చెప్పినవాడి మాట నమ్మరు, విన్నవాడు నోరు విప్పడు. పిల్లని తండ్రికి ఎదురు నిలబెట్టలేదు. మిగిలింది తను.

పుస్తకం ఎలా ఉన్నది అలాగే ఉంచి, కళ్ళజోడు పెట్టె మళ్ళీ అదే చోట పెట్టింది, తను చదివినట్టు అతనికి తెలియకూడదని.

గురువారం తమ్ముడికి ఫోను చేసింది. నాలుగుసార్లు మోగాక తీశాడు. వెనక ఎవరో కారు గేరు కరకరలాడిస్తున్నారు.

"ఒరేయ్, నువ్వేం దిగులు పెట్టుకోకు. నాకొకటి తెలిసింది. రేపు నేను..."

"ఫోన్లో వద్దక్కా."

"పోనీ ఇంటికి రా. లేదంటే నేనొస్తాను."

"లాయరుని పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దంది."

"నేను ఎవరితోనూలో చేరానా?"

"నువ్వని కాదు. నువ్వున్న ఇల్లు." గేరు మళ్ళీ కరకరలాడింది. "క్లచ్చి పూర్తిగా తొక్కాలమ్మా, భయపడకుండా తొక్కు... ఉంటానక్కా."

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు మిషను ముందు కూర్చుంది. ఒక పడవ కవరు సగంలో ఉంది, దాని మీద చెయ్యి పడలేదు. వాడికి నా మీద నమ్మకం పోయింది, అనుకుంది. రేపు నలుగురి ముందూ నిలబడి చెబితే అప్పుడు తెలుస్తుంది నేను ఏ ఇంటి మనిషినో.

*

మూడో అంతస్తు చివరి గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక విచారణాధికారి. తల నెరిసిన మనిషి, మర్యాదస్తుడు. మాటకి ముందు గొంతు సర్దుకుని, ఎదుటివాళ్ళు కూర్చున్నారో లేదో చూసుకుంటాడు. ఒక మూల టైపు చేసే ఆవిడ. ఎడమవైపు ఇన్‌స్పెక్టరు, కుడివైపు తమ్ముడూ, అతని లాయరమ్మాయీ. వెనక వరసలో కవర్లక్క తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. భర్త ఆమెను చూశాడు. చూసి కాగితాలు సర్దుకున్నాడు. అతని ముఖంలో కోపం వెతుక్కుంది గానీ ఆమెకి కనబడలేదు.

లాయరమ్మాయికి ముప్ఫై కూడా ఉండవు. సన్నగా, చిన్న గొంతుతో అడుగుతుంటే మొదట ఎవరూ లెక్కచేయనట్టు కనిపించింది.

"రాడారులో కనబడిన చుక్కకి పేరుందా ఇన్‌స్పెక్టరుగారూ?"

"లేదు."

"విమానం నంబరు?"

"లేదు."

"ఆ సాయంత్రం లేచిన మూడు విమానాల్లో అది ఏదో మీరు చెప్పగలరా?"

"రుజువుతో చెప్పలేను."

"మరి నా క్లయింటుకే నోటీసెందుకిచ్చారు?"

"అతని ట్రాన్స్‌పాండర్ తరువాతి సోమవారం రిపేరుకి వెళ్ళింది. అనుమానం వచ్చింది."

"సోమవారం రిపేరుకి వెళ్ళినది శుక్రవారం పాడైందని ఎక్కడైనా ఉందా?"

"లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అంతే నెమ్మదిగా.

లాయరమ్మాయి కూర్చుంది. తమ్ముడు నోరెత్తలేదు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా జవాబు చెప్పాల్సిన పని లేదని ఆ అమ్మాయి మొదట్లోనే రాయించింది. ఇదంతా కవర్లక్కకి సగమే అర్థమైంది. ఒక్కటే తెలుస్తోంది, తమ్ముడి తరఫున చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పది రోజుల సంగతి ఆ పిల్ల లాయరుకి తెలియదు కాబోలు.

విచారణాధికారి గొంతు సర్దుకున్నాడు. "ముగించే ముందు అడగడం ఆనవాయితీ. ఈ విషయంలో తెలిసింది చెప్పదలుచుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత బిగించి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

ఆమె లేచింది. కుర్చీ కాలు నేల మీద కీచుమంది. తమ్ముడు వెనక్కి తిరిగాడు. ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నా కోసం కాపురం పాడు చేసుకోకు అంటున్నాడనుకుంది. ఆ ఊపుకే ఆమెకి ధైర్యం వచ్చింది.

"నేను ఇతని అక్కనండీ. ఆ ఇన్‌స్పెక్టరుగారి భార్యని" అంది. లాయరమ్మాయి చప్పున లేచి ఏదో అనబోయింది. విచారణాధికారి చేత్తో వారించాడు. "చెప్పనివ్వండి. చెప్పండమ్మా, తొందర లేదు."

"మా తమ్ముడు ఏదీ దాచుకోలేదండీ. వాడి తప్పు వాడే చెప్పుకున్నాడు. పోయిన ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఈయనకే చెప్పాడు. అప్పటికి తొమ్మిదో రోజే. పది రోజుల్లోపు చెప్పుకుంటే శిక్ష లేదని మీ పుస్తకంలోనే ఉంది."

టైపు చప్పుడు ఆమె మాట వెనకే వచ్చి ఆగింది.

"ఏమని చెప్పాడమ్మా?" అని అడిగాడు విచారణాధికారి. ఎంత మెత్తగా అడిగాడంటే, ఇన్నాళ్ళకి వినే మనిషి దొరికాడనిపించింది ఆమెకి.

ఎంత బాగా గుర్తుంటే అంత నమ్ముతారని ఆమె ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. మబ్బు, గుట్ట, కుడివైపు మలుపు, నాలుగు నిమిషాలు, రెండు వేల రెండొందల అడుగులు, ఐదుంబావు. పెట్టె పని చెయ్యడం లేదని ముందే తెలుసని కూడా వాడే ఒప్పుకున్నాడండీ, అంత నిజాయితీపరుడు, అంది.

లాయరమ్మాయి మెల్లగా కూర్చుని కలం పక్కన పెట్టేసింది. తమ్ముడు ముందుకు తిరిగిపోయాడు. అతని మెడ వెనక భాగమే ఆమెకి కనబడుతోంది.

"ఈ సంభాషణ జరిగిందా?" అని అడిగాడు విచారణాధికారి ఇన్‌స్పెక్టరుని.

"జరిగింది సార్. ఇంటివాళ్ళ మధ్య మాట కాబట్టి నేను ఫైల్లో పెట్టలేదు. పెట్టడం న్యాయం కాదనిపించింది."

"మంచి పద్ధతి" అన్నాడు ఆయన, నిజంగానే మెచ్చుకుంటూ. తరువాత పుస్తకం తెరిచి, పేజీ వెతికి, ఆమె చదివిన వాక్యమే పైకి చదివాడు. ఆమె తలూపింది. ఆయన పేజీ తిప్పాడు. "తెలియజేయుట అనగా లిఖితపూర్వకముగా, భద్రతా విభాగమునకు పంపుట. తనిఖీ అధికారులకు నోటిమాటగా చెప్పినది ఈ నిబంధన కిందకు రాదు. పరికరము పని చేయుటలేదని తెలిసియు ఎగిరిన సందర్భములకు ఈ రక్షణ వర్తించదు." పుస్తకం మూసి ఆమె వైపు జాలిగా చూశాడు. "మీరు చెప్పకపోతే ఆ చుక్క ఎవరిదో మాకు తెలిసేది కాదమ్మా. నిజం చెప్పారు. చాలామంది చెప్పరు."

లైసెన్సు రద్దు అని చెప్పడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మళ్ళీ కావాలంటే ఐదేళ్ళ తరువాత మొదటి పాఠం నుంచి నేర్చుకోవాలి, ఆనాటి వయసుకి వైద్యపరీక్ష నెగ్గాలి.

*

వరండాలో గోడకి ఆనుకుని నిలబడిన ఆమెకి భర్త మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "తాగు. పెదాలు ఎండిపోయాయి."

"ఆ పుస్తకం బల్ల మీద మీరే పెట్టారా?"

"ఏ పుస్తకం?" అన్నాడు అతను. గ్లాసు ఆమె పట్టుకునేదాకా వదల్లేదు. "నేను రావద్దన్నాను కదా. నా మాట ఎప్పుడు విన్నావు కనక." అతని గొంతులో విసుగు లేదు. ఈగలూ సర్టిఫికెట్లూ అంటూ అందరూ నవ్విన బల్ల దగ్గర ఎలా మాట్లాడాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడు. "నాకింకా రెండు ఫైళ్ళున్నాయి. నువ్వు సంతకం చేసి వెళ్ళిపో. రాత్రికి వంట ఎక్కువ చెయ్యకు, ముగ్గురమే కదా."

లోపల టైపు చేసే ఆవిడ నాలుగు కాగితాలు గుండుసూదితో గుచ్చి సిద్ధంగా ఉంచింది. ఆవిడ బల్ల ముందు తమ్ముడు నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న లైసెన్సు పుస్తకం. లాయరమ్మాయి వెళ్ళిపోయింది.

"మీరు ముందు రండమ్మా" అంది టైపు చేసే ఆవిడ. "ప్రతి పేజీ కిందా పెట్టాలి. పూర్తి సంతకం."

కవర్లక్క కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. పైన పెద్ద అక్షరాల్లో ఉంది: శాఖ తరఫు సాక్షి, ఒకటి.

"ఇది తప్పు పడిందండీ. నేను మా తమ్ముడి తరఫున వచ్చాను."

"తప్పు కాదమ్మా." ఆవిడ మంచిగానే చెప్పింది. "ఎవరి కోసం వచ్చారని ఉండదు ఇక్కడ. చెప్పింది ఎవరికి పనికొస్తే వాళ్ళ కింద వెయ్యమంటారు."

"దిద్దడానికి లేదా?"

"రికార్డయిపోయింది కదా."

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నువ్వు ఫోను పెట్టేయకుండా ఉంటే. నువ్వు తలూపిందానికి అర్థం నాకు తెలిసుంటే. నేను ఆ పేజీ తిప్పి ఉంటే. ఒరేయ్, అంది.

అతను ఆమె ముఖం చూడలేదు. కాగితం వంక చూస్తూ, తరువాత ఎవరో ఉన్నారన్నట్టు వరసలో కాస్త ముందుకు జరిగాడు.

"పెట్టెయ్యక్కా" అన్నాడు. "నీది అయితే గానీ నాది తీసుకోరట. అవతల నాకు క్లాసుంది."

ఆమె పెట్టింది. కాన్వాసు కుట్టి కుట్టి కాయకట్టిన వేళ్ళకి కలం సరిగా చిక్కలేదు. రెండో పేజీ దగ్గర సిరా ఆగిపోతే టైపు చేసే ఆవిడ ఇంకో కలం ఇచ్చింది. నాలుగూ పూర్తయ్యాక ఆవిడ కాగితాలు బల్ల మీద తట్టి అంచులు కలిపి, ఫైల్లో పెట్టి, చెయ్యి చాచింది.

"తరువాత" అంది.